ముప్పై ఏడున్నర

కల్వకుర్తిల దేవరకొండ రోడ్డుకు
నా దుకాణం షట్టరు సగమే లేస్తది.
లోపల చచ్చిన టీవీలు, ఒకదాని మీద ఒకటి.
అడుగున ఉన్నయి ఎవలెవలియో
నేనే మర్చిపోయిన.
టంకం పుల్ల మాత్రం ఇంకా కాలుతనే ఉన్నది,
పొద్దుకొక్క చార్జర్ వైరుకన్న.

రెండు వందల ఎనభై రూపాయలకు
కొరియర్ పిల్లగాడు తెచ్చిచ్చిండు బోర్డు.
అగ్గిపెట్టె కన్న చిన్నది,
రెండు దిక్కుల జెర్రి కాళ్ల లెక్క పిన్నులు.
"గింతేనా కుర్మన్నా?" అన్నడు పక్క టేలరు ఉస్మాన్,
గుండీలు కొలిచే కంటితోటి చూసి.

యాభై రెండేండ్ల వయసుల
మళ్ల ఒకటో తరగతి.
సెమికోలన్ ఒక్కటి మరిస్తె తెరనిండ ఎర్రక్షరాలు.
మా లెక్కల సారు గూడ గంతగనం కొట్టలే.
మూడో రాత్రి, పన్నెండు దాటినంక
అది కన్ను కొట్టింది.
నీలంగ. సెకనుకొకసారి. నేను చెప్పినట్టు.
ఉస్మాన్ షట్టరెనుక ఎవలు లేరు.
అయినా రెండుసార్లు తట్టిన.

మార్చాల సైదమ్మొచ్చింది గంప వట్టుకొని:
"పొదుగు మీదున్న కోడిని కుక్కలెత్తుకవోయినయి.
ఇరవై నాలుగు గుడ్లు.
నీ కాడ కరెంటున్నది గద, ఏదన్న జెయ్యి."

చేపలొచ్చిన థర్మకోల్ పెట్టె, అరవై వాట్ల బలుబు,
స్టీలు గిన్నెల నీళ్లు,
ఉక్కను కొలిచే తెల్ల జాలీ బిళ్ల.
బోర్డుకు ఒక్కటే మాట రాసిచ్చిన:
ముప్పై ఏడున్నర.
తగ్గితె వెలిగించు, పెరిగితె ఆర్పు.
టక్కుమంటది రిలే, ఊకుంటది, మళ్ల టక్కుమంటది.
కోడి రెక్క కింద ఇన్నేండ్లు నడిచింది
ఈ లెక్కేనని నాకప్పుడు తెలిసింది.

నక్షా నాది కాదు. ప్రోగ్రాము గూడ సగం నాది కాదు.
యాడనో ఎవరో గీసి, రాసి
తాళం వెయ్యకుంట పెట్టి పోయిండ్రు.
"పైసలు దీస్కోలేదా?" అన్నది సైదమ్మ.
"లే."
"పేరన్న జెప్పిండ్రా?"
"ఉన్నది. నాకు నోరు తిరగలే."
జరసేపు బలుబు దిక్కు చూసి
"అయితె తోడు లెక్కనే" అన్నది.
"పాలు మనయి, తోడు ఎవలిదో.
మా ఇంట్ల పెరుగుకు మొదటి తోడు
ఎవలింట్లకెల్లి వచ్చిందో మా అత్తకు గూడ తెల్వది.
చెంచెడిస్తె ఇచ్చిన గిన్నెల తక్కువైతదా?"

పదిహేడో రాత్రి కరెంటు వోయింది.
బండి బ్యాటరీకి హెడ్‌లైటు బలుబు తగిలించి
తెల్లారేదాంక వైర్లు వట్టుకొని కూసున్న.
కోడికూత యాళ్లకు చూస్తె
తెర మీద ముప్పై ఏడు లేదు, ముప్పై లేదు,
'అంకె కాదు' అని ఉన్నది.
జాలీ బిళ్ల వైరు వదులైంది,
ఎంతసేపటి నుంచో తెల్వది.
బోర్డుది తప్పు కాదు.
అంకె రాకపోతె ఏం జెయ్యాల్నో
నేను రాయలే.

ఇరవై ఒకటో నాడు పదకొండు.
తెల్లారి ఇంకొకటి, కాలు వంకరది.
మిగిలినయి సైదమ్మ ఒక్కొక్కటే
చెవికి ఆనిచ్చుకొని గంపల వెట్టింది.
ఏమనలే.
అన్నా బాగుండు.

ఆ రాత్రి రెండు వరుసలు కలిపిన:
అంకె రాకపోతె గంట కొట్టు.
నన్ను లేపు.

ఎవలిదో పెండ్లి పత్రిక వెనుక నక్షా మొత్తం గీసి,
యాడ తప్పు జేసిన్నో ఎర్ర పెన్నుతోటి రాసి
షట్టరు కింది మడతకు అంటించిన.
సగమే లేస్తది గద, సదవాల్నంటె వంగాలె.
నిన్న ఇద్దరు ఇస్కూలు పిల్లలు వంగిండ్రు.
అండ్ల ఒక పోరి, కాయితం లేక,
అరచేతి మీద రాసుకుంటున్నది,
ఎర్ర అక్షరాలకెల్లి మొదలువెట్టి.